నిన్నటి బ్రెడ్డు, కురిడీ ముక్క

మా వైపు మనిషికి జ్వరం వస్తే ఇంటికి బ్రెడ్డు వస్తుంది. చూడడానికి వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రారు. అరటిపళ్ళు ఎవరి పెరట్లో వాళ్ళకే ఉంటాయి కనుక, సెంటర్లో బేకరీ దగ్గర ఆగి ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని వస్తారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎవరూ బ్రెడ్డు పెట్టరు. పెడితే, ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు. కిందటి వానాకాలంలో మా ఆయనకు వచ్చిన జ్వరం పది రోజులు వదల్లేదు. ఆ పది రోజుల్లో మా వంటింటి గూట్లోకి పదకొండు ప్యాకెట్లు చేరాయి. నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. చేతికి పని లేకపోతే ఏదో ఒకటి లెక్కపెడుతూ ఉంటాను.

జ్వరం తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆయన నాలుకలోని రుచినీ ముక్కులోని వాసననీ పట్టుకుపోయింది. మొదటిరోజు చారన్నం పెడితే, తింటూ తింటూ ఆగి, ఇందులో ఉప్పు వేశావా అని అడిగారు. వేశానన్నాను. కాసేపటికి చింతకాయ పచ్చడి వేలితో తీసి నాకి చూశారు. తరవాత లేచి వెళ్ళి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నన్ను చూసి, తల అడ్డంగా ఊపారు.

ఇంకొకరి ఇంట్లో అయితే ఇది చిన్న సంగతే. మా ఇంట్లో కాదు. మా ఆయన అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో సరుకు చూస్తారు. చూస్తారని అంటాం గాని ఆ పని నోటితో చేసేది. అటక మీద ఏడాదిపాటు ఉండి, లోపలి నీళ్ళన్నీ ఇంకి, చిప్పలో గలగలమని ఆడే కాయను కురిడీ అంటాం. రైతులు తెచ్చి పోసిన రాశిలోంచి ఈయన నాలుగైదు కాయలు ఏరి, కొట్టి, ముక్క కొరికి నమిలి ఊసేస్తారు. సరేనండీ అంటే ఆ సరుకు లారీ ఎక్కి పై రాష్ట్రాలకు పోతుంది. వద్దండీ అంటే వచ్చిన బండిలోనే వెనక్కి పోతుంది. కాయ వానకు తడిసి మళ్ళీ ఆరిందా, లోపల ముక్కిపోవడం మొదలైందా అన్నది కంటికి కనబడక ముందే ఈయన నాలుకకు తెలుస్తుంది. పాతికేళ్ళుగా షావుకారు గారు ఆ మాట మీదే సరుకు కొంటున్నారు.

మా ఇల్లంతా ఆ నాలుక చుట్టూనే తిరిగేది. పెళ్ళయిన కొత్తలో నాకు వింతగా ఉండేది. పొద్దున్నే కాఫీ తాగకుండా కొట్టుకు వెళ్ళే మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. కారం, పచ్చడి మధ్యాహ్నం దాకా ముట్టరు. వక్కపొడి జన్మలో వేసుకోలేదు. అంత నాలుక ఉన్న మనిషి ఇంట్లో నేను ఏది పెట్టినా ‘బాగుంది’ అనే తిన్నారు. మాడినా బాగుంది, చప్పగా ఉన్నా బాగుంది. ఎదుటి మనిషి కష్టపడి వండి పెడితే వంక పెట్టడం మా వైపు మర్యాద కాదు. కొట్టులో ఒక్క కొరుకుతో లారీని ఆపే మనిషి నా దగ్గర ఒక్క మెతుకు కూడా ఆపలేదు. నాకు కోపం ఎక్కువ. ఆ మర్యాద మీద ఎప్పటినుంచో నాకు మంటగానే ఉండేది.

అమలాపురంలో డాక్టరు గారు, వస్తుందమ్మా, కొందరికి వారాల్లో వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు కూడా అన్నారు. లవంగం, యాలకులు, నిమ్మతొక్క రోజూ వాసన చూడమన్నారు. బస్సులో తిరిగి వస్తుంటే, ఈ మాట కొట్టులో చెప్పేయండి అన్నాను. ఈయన కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నారు.

“చెప్తే షావుకారు గారు ఏవీ అనరు. రెస్టు తీసుకోండి అంటారు. ఆ రెస్టు ఇంక అవదు.”

మర్నాడే కొట్టుకు వెళ్ళిపోయారు. కాయ ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని, ముక్క రంగు చూసి, గోటితో గీరి చూసి, ఆ పైన మామూలుగానే కొరికి ఊసేవారట. అదంతా నాతో చెప్పేవారు. చెప్పే మనిషి ఒక్కసారి చెప్పి ఊరుకునేవారు. వినే నేను రోజంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆ రోజుల్లో కుట్టినవాటిలో చాలా వరకు విప్పి మళ్ళీ కుట్టాను. ఒకావిడ జాకెట్టుకి రెండు ఎడమ చేతులే కుట్టి పెట్టాను.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. రోజుకో రకం వండితే రుచి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? రోజూ ఒకటే వండాలి. అది తీపి, ఉప్పు, నెయ్యి, యాలకులు అన్నీ ఉన్నదై ఉండాలి. నాలుక తిరిగొచ్చిన రోజున తేడా వెంటనే తెలిసిపోతుంది. గూట్లో చూస్తే బ్రెడ్డు. ఫోనులో చూస్తే ఫ్రెంచ్ టోస్ట్ అని ఎవరో అమ్మాయి చకచకా చేసేస్తోంది. పాలు, గుడ్డు, పంచదార గిలకొట్టి, బ్రెడ్డు ముంచి, పెనం మీద కాల్చడమే. మా ఇంట్లో దానికి తీపి బ్రెడ్డు అని పేరు పెట్టుకున్నాం. ఇదెంత పని అనుకున్నాను.

పని మొదటిరోజే తెలిసింది. పాలలో ముంచిన ముక్క చేతిలోకి తీసేలోపు సగం గిన్నెలోకి జారిపోయింది. మిగిలిన సగం పెనానికి అంటుకుంది. అట్లకాడతో గోకి పళ్ళెంలో పెడితే అది ఉప్మాలా ఉంది. ఈయన చెంచాతో తిని బాగుంది అన్నారు. రెండోరోజు పాలు తగ్గించాను. మూడోరోజు గుడ్డు పెంచాను, నీచు వాసన కొట్టింది. నాలుగోరోజు పంచదార ఎక్కువ వేస్తే అడుగు నల్లగా మాడింది, మధ్య పచ్చిగానే ఉంది. రోజూ బాగుందనే అన్నారు. రుచి తెలియని మనిషి కోసం నేను రుచి వెతుకుతున్నానని తెలుసు. కాని ఆ వెతుకులాట లేకపోతే పొద్దుట నుంచి సాయంత్రం దాకా నేను ఏం చేయాలో నాకు తెలియలేదు.

తప్పు ఎక్కడుందో తెలియడానికి వారం పట్టింది. జ్వరపడి లేచిన మనిషికి పాత సరుకు పెడతామా అని, చూడడానికి వచ్చేవాళ్ళు ఇంకా తెస్తున్నవాటిలో ప్రతిరోజూ అన్నిటికన్నా కొత్త ప్యాకెట్టే తీస్తున్నాను. తాజాగా మెత్తగా ఉన్నది ఆయనకు, ఎండి గట్టిపడ్డది కోళ్ళకు. మా ఇళ్ళలో ఎవరైనా అలాగే చేస్తారు. ఒకరోజు కొత్తవి అయిపోయి, నాలుగు రోజుల కిందటి ప్యాకెట్టు విప్పాల్సి వచ్చింది. బూజు పట్టలేదు గాని అంచులు గట్టిగా ఉన్నాయి. సిగ్గుపడుతూనే ముంచాను. ముక్క పాలు తాగింది, ఊడలేదు. పెనం మీద నిలబడింది. తిరగేస్తే ఎర్రగా, అట్టులా లేచింది. చద్దన్నం పెరుగు పీల్చుకున్నట్టు, ఎండిన బ్రెడ్డే పాలు పీల్చుకుంటుందని అప్పుడు తెలిసింది. ఆ వారమంతా కోళ్ళే నాకన్నా మంచి బ్రెడ్డు తిన్నాయి.

ఆ తరవాత నాకు పట్టపగ్గాలు లేవు. బేకరీకి వెళ్ళి నిన్నటి బ్రెడ్డు ఉందా అని అడగడం మొదలుపెట్టాను. ఆ బేకరీ అతను మొదట నొచ్చుకున్నాడు. మాది ఎప్పుడూ ఈరోజుదేనమ్మా అన్నాడు. నిన్నటిదే కావాలని నేను పట్టుబట్టాను. ఆవుపాలు పోయి కొబ్బరిపాలు వచ్చాయి. మొదట తీసిన చిక్కటి పాలలో ముంచితే ముక్క పైపైనే జిడ్డుగా తేలింది, లోపలికి దిగలేదు. రెండోసారి పిండిన పల్చటి పాలు దిగాయి. పంచదార పోయి బెల్లం వచ్చింది, బెల్లంలో చిటికెడు ఉప్పు పడ్డాక తీపి నిలబడింది. సెగ బాగా తగ్గించాను. నెయ్యి ముందు వేస్తే మాడుతోందని, ముక్క వేశాక అంచుల వెంట వేశాను. ఇంక నిజంగానే బాగుంది. నా నోటికి తెలుస్తోంది. పళ్ళెం తీసుకెళ్ళి ఎదురుగా నిలబడితే ఈయన నమిలి, మింగి, బాగుంది అన్నారు. ఉప్మాలా ఉన్నరోజు ఏ గొంతుతో అన్నారో, అదే గొంతు.

ఆరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఏవండీ, ఇంక ఆ మాట అనకండి అన్నాను. పాతికేళ్ళలో ఒక్కనాడైనా నా వంటకు వంక పెట్టి ఉంటే, ఇవాళ మీ నాలుక సంగతి నాకు తెలిసేది కదా అన్నాను. కొట్టులో కొరికినట్టు నటించడం, ఇంట్లో తిన్నట్టు నటించడం, ఇంకెన్నాళ్ళు అని కూడా అన్నాను. అనకూడని మాటే, నోరు జారింది. ఈయనకు కోపం రాదు. వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది.

“బాగోలేదంటే నువ్వు రేపు ఇంకోలా చేస్తావు. నాకేవీ తెలీట్లేదంటే, రాత్రంతా మెలకువగా పడుకుంటావు. బాగుందంటే ఒక పూటైనా ఊరుకుంటావు కదా అని అంటన్నాను.”

పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. భయమేసింది, అంతే. ఈ మనిషికి రుచి రాకపోతే ఏమవుతుందోనన్న భయం ఒకటి. ఈలోపు చెడ్డ సరుకేదో ఈయన సరే అంటే ఏమవుతుందోనన్నది అంతకన్నా పెద్ద భయం. అది వానాకాలం. అటకలు తడుస్తాయి. ఆ రోజుల్లోనే కాయ మోసం చేస్తుంది.

ఇలా జ్వరం తగ్గి రెండు నెలలు దాటింది. ఈయనకు ఒక అలవాటు ఉంది. సరే అన్న ప్రతి రాశిలోంచి ఒక ముక్క జేబులో వేసుకుని ఇంటికి తెస్తారు. నేను వాటిని స్టీలు డబ్బాలో వేసి పచ్చళ్ళలోకి వాడతాను. ఆరోజు పొద్దున్న తీపి బ్రెడ్డు మీద పచ్చికొబ్బరి కాకుండా ఎండుకొబ్బరి కోరి చల్లితే ఎలా ఉంటుందోనని బుద్ధి పుట్టింది. ముందురోజు సాయంత్రం జేబులోంచి తీసిన కురిడీ ముక్కే డబ్బాలో పైన ఉంది. తెల్లగా, చక్కగా ఉంది. కోరాను, నేతిలో దోరగా వేయించాను, యాలకుల పొడి కలిపాను. నోట్లో వేసుకుని చూశాను, నాకు బాగానే ఉంది. బ్రెడ్డు మీద చల్లి పళ్ళెం ఇచ్చాను.

ఈయన ఒక ముక్క కొరికారు. రెండుసార్లు నమిలి ఆగిపోయారు. బాగుంది అనలేదు. నోట్లోది అరచేతిలోకి తీసి చూసుకున్నారు. మళ్ళీ చిటికెడు కోరు నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. కొట్టులో అలా చూస్తారని విన్నాను గాని నేను చూడడం అదే మొదటిసారి.

“ఈ కొబ్బరి ఎక్కడిది?”

“మీ జేబులోదేనండీ, నిన్నటిది.”

“ముక్కిపోయింది,” అన్నారు.

నేను నవ్వాను. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. యాలకుల చాటున, నేతి చాటున దాక్కున్న ఆ వాసన నాకే తెలియలేదు, ఈయనకు తెలిసింది. వచ్చిందండీ, మీకు వచ్చేసింది అంటూ భుజం పట్టుకుని ఊపాను. ఈయన ముఖంలో మాత్రం నవ్వు లేదు. అప్పుడు గాని నాకు తట్టలేదు. అది ముందురోజు ఈయన సరే అన్న సరుకు. ఆ పొద్దున్నే లారీకి ఎక్కాల్సిన సరుకు.

చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా స్కూటరు తీశారు. లారీని ఎలాగైనా ఆపుతారని నాకు తెలుసు. ఆపితే, ఎందుకు ఆపారో చెప్పాలి. నిన్న సరే అన్నది ఇవాళ వద్దు అనడానికి ఉన్న కారణం ఒక్కటే. నేను గుమ్మంలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గుమ్మంలోకి తిరుగుతూనే ఉన్నాను. మిషను ముందు కూర్చుంటే దారం సూదిలోకి ఎక్కలేదు. మిగిలిన తీపి బ్రెడ్డు కోళ్ళకు కూడా వేయబుద్ధి కాలేదు. ముక్కిపోయిన ముక్క నోట్లో వేసుకుని మళ్ళీ మళ్ళీ నమిలి చూశాను. నాకు ఏ తేడా తెలియలేదు.

మధ్యాహ్నం వచ్చారు. సగం ఎక్కిన సరుకును దింపించారట. షావుకారు గారికి జ్వరం దగ్గర్నుంచి అంతా చెప్పేశారట. ఆయన ఏమన్నారని అడిగాను. ఏమీ అనలేదన్నారు. మొత్తం విని, “ఆయ్, అలాగేనండి. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి,” అన్నారట. అంతే. బస్సులో ఈయన చెప్పిన మాటే అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

తిట్టి ఉంటే మాకు తెలిసేది. మా వైపు పెద్దమనుషులు పొమ్మన్నా రమ్మన్నా ఒకే గొంతుతో అంటారు. ఆ రెస్టు ఏ రెస్టో తెలియక రెండు రోజులు నలిగిపోయాం. మూడోరోజు పొద్దెక్కాక గేటు చప్పుడైంది. షావుకారు గారు. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు.

కుర్చీ తుడిచి వేశాను. బ్రెడ్డు తెచ్చారంటే జబ్బు మనిషిని చూడడానికి వచ్చారన్నమాట. అంటే మోసం అనుకోలేదు, జబ్బు అనుకున్నారు. కాని సెలవిచ్చి పంపేసే మనిషి ఇంటికి కూడా మర్యాద కోసం అలాగే వస్తారు. ఆయన కుర్చీలో కూర్చుని, ఎలా ఉందండీ అని అడిగారు. ఈయన ఫరవాలేదండీ అన్నారు. వానల గురించి కాసేపు, రోడ్డు గురించి కాసేపు మాట్లాడారు. అసలు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని నాకు తెలుసు. అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళి పెనం పెట్టాను. వచ్చిన మనిషికి ఏదో ఒకటి పెట్టాలి కదా. బేకరీ నుంచి తెచ్చిన నిన్నటి బ్రెడ్డు నాలుగు ముక్కలున్నాయి. రెండు నెలలు నేర్చుకున్నదంతా ఆ నిమిషంలో మరిచిపోయాను. చెవి హాల్లో పెట్టి, సెగ పెద్దది చేసి, గబగబా తిరగేసి రెండు పళ్ళేల్లో పెట్టి తెచ్చాను. ఆత్రగాడికి బుద్ధి మట్టం అని ఊరికే అనలేదు.

షావుకారు గారు ఒక ముక్క తిన్నారు. మెల్లగా నమిలి మింగారు.

“చాలా బాగుందండీ, చెల్లెమ్మ గారూ,” అన్నారు.

బాగుంది అన్న మాట కోసం నేను మా ఆయన వైపు చూడలేదు. చూడకూడదనే అనుకున్నాను. ఈయన కూడా కొరికి నమిలి, పళ్ళెం బల్ల మీద పెట్టేశారు.

“లేదండీ,” అన్నారు. “పైన మాడింది. లోపల పచ్చిగా ఉంది, గుడ్డు నీచు తెలుస్తోంది. ఉప్పు వేయడం మరిచిపోయింది.”

ఇంటికొచ్చిన పెద్దమనిషి బాగుందన్న దాన్ని, ఆయన ఎదురుగానే, పెళ్ళాం వంటను, మా ఆయన బాగోలేదన్నారు. పాతికేళ్ళలో మొదటిసారి. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. షావుకారు గారు చేతిలో ఉన్న ముక్కను కాసేపు చూశారు. ఇంకో కొరుకు కొరికారు, ఈసారి నిజంగా రుచి చూస్తున్నట్టు కొరికారు.

“అవునండీ,” అన్నారు. “పచ్చిగానే ఉంది.”

తరవాత లేచారు. చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరగకుండానే, మామూలుగా అన్నారు.

“రేపు అల్లవరం వైపు నుంచి సరుకు దిగుతుందండి. పెందలాడే వచ్చేయండి. కాఫీ తాగకుండా రండి.”

గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చిన మనిషి ముఖం నేను చూడలేదు. నా కళ్ళకు ఏదీ సరిగా కనబడటం లేదు. షావుకారు గారు తెచ్చిన తాజా బ్రెడ్డును గూట్లో పెట్టాను, అది రేపటికి గాని పనికిరాదు. గిన్నెలో పాలు మిగిలి ఉన్నాయి, నిన్నటి ముక్కలు రెండు మిగిలి ఉన్నాయి. పాలలో చిటికెడు ఉప్పు వేసి, సెగ బాగా తగ్గించి, మళ్ళీ వేశాను.